పక్కన నిలబడ్డ మనిషి కన్ను

2022 మే నెలలో మా ఇంటి వంటగట్టు కోసం గ్రానైట్ బండ కోస్తున్న రోజు ఒక ఆడమనిషి కుడికంట్లో నలుసు పడింది. ఇల్లు నాది. బండ నేను ఎంచుకున్నది. పని చేయిస్తున్నది నేను. ఈ సంగతి ముందే రాసిపెట్టుకోకపోతే ఈ వ్యాసం కూడా ‘పాపం శ్రామిక మహిళ’ అనే వరసలో కలిసిపోతుందని నా భయం.

మా ఇల్లు దేవరయాంజాల్‌లో. శామీర్‌పేట దారిలో హకీంపేట దాటాక లోపలికి తిరిగితే వస్తుంది. ఒకప్పుడు సీతారామస్వామి గుడి, పొలాలు, ద్రాక్షతోటలు అని చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు దారి పొడుగునా గోదాములు, రేకుల షెడ్లు, గేట్లూ గ్రిల్సూ చేసే చిన్న చిన్న షాపులు. గుడి మాన్యం సుమారు 1,500 ఎకరాలు ఆక్రమణ పాలైందని 2021లో పెద్ద గొడవ లేచింది. ప్రభుత్వం ఐఏఎస్ అధికారుల కమిటీ వేసింది. పేపర్లన్నీ ఎకరాల లెక్కలు రాశాయి, ఎవరి షెడ్డు ఎవరిదో రాశాయి. ఆ షెడ్ల ఇనుము కోసినప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారో ఎక్కడా రాయలేదు. నేను కూడా ఆ వార్తలన్నీ చదివాను, నాకూ ఆ ప్రశ్న రాలేదు.

ఆ రోజు జరిగింది చెప్తాను. బండ కోసే మేస్త్రీకి ప్లాస్టిక్ కళ్ళద్దాలు ఉన్నాయి. గీతలు పడి మసకబారినవే అయినా ఉన్నాయి. అతని ఎదురుగా ఒకామె వంగి కూర్చుని ఒక చేత్తో బండ కదలకుండా పట్టుకుంది. ఇంకో చేత్తో, మూతకి చిల్లులు పొడిచిన నీళ్ళ సీసా పట్టుకుని బ్లేడు మీద నీళ్ళు పోస్తోంది. ఆ నీళ్ళ వల్లే బ్లేడు వేడెక్కదు, దుమ్ము లేవదు, మేస్త్రీ ఊపిరితిత్తుల్లోకి రాతిపొడి పోదు. అంటే అక్కడున్న ఒకే ఒక రక్షణ ఏర్పాటు ఆమే! ఆమె మొహం బ్లేడుకి అడుగు దూరంలో ఉంది. ఆమె కళ్ళకి ఏమీ లేదు. కూలి లెక్కల్లో ఆమెని ‘హెల్పర్’ అంటారు. మేస్త్రీకి ఇచ్చే దాంట్లో సగం కంటే తక్కువ ఇస్తారు.

“ఏమైంది?” అన్నాను ఆమె కన్ను మూసుకుని లేచినప్పుడు.

“ఏం గాలేదు మేడం, నలుసు వడ్డది. గదే పోతది.”

కొంగు కొస మెలిపెట్టి తనే తీసుకోబోయింది. నేను లోపలినుంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చి, “కాసేపు కూర్చో” అన్నాను. చాలా దయగా ప్రవర్తించాననే అనుకున్నాను. ఆమె పావుగంట కూర్చుంది, మళ్ళీ సీసా పట్టుకుంది.

మర్నాడు కన్ను ఎర్రబడింది. మందుల షాపులో ఏదో చుక్కల మందు ఇచ్చారు. ఎరుపు తగ్గింది, పనికి వచ్చింది. తర్వాత తెలిసింది, అందులో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ మంటని, ఎరుపుని అణుస్తుంది కానీ లోపల సూక్ష్మజీవి ఉంటే దానికి దారి వేస్తుంది. కంటి నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర కార్నియా. రాయి ముక్క దాన్ని గీరింది, కొంగుతో తుడవడం వల్ల ఇంకా గీరుకుంది, ఆ గీతలోకి ఫంగస్ చేరింది. ఎనిమిదో రోజు కంటి ఆసుపత్రికి చేరేసరికి పుండైంది. రెండు నెలల తర్వాత పుండు మానింది, మచ్చ మిగిలింది. ఊళ్ళో దాన్ని ‘పువ్వేసింది’ అంటారు. ఇంత క్రూరమైన విషయానికి ఇంత అందమైన మాట మన భాషలో ఎలా పుట్టిందో! ఆ కంటి ముందు చెయ్యి ఊపితే ఊపినట్టు తెలుస్తుంది. వేళ్ళు ఎన్నో చెప్పలేదు.

హైదరాబాద్ కళ్ళకి పేరున్న ఊరు. 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ ఇక్కడే ఉంది. మెహదీపట్నంలో సర్కారు సరోజినీ దేవి ఆసుపత్రి ఉంది. ఎక్కడెక్కడి నుంచో చూపు కోసం ఇక్కడికి వస్తారు. మా వీధి నుంచి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరం. ఆ దూరం దాటడానికి ఆమెకి ఎనిమిది రోజులు పట్టింది. ఒక రోజు కూలి పోతుందని మొదటి రోజు వెళ్ళలేదు. ఎరుపు తగ్గిందని నాలుగో రోజు వెళ్ళలేదు. వెళ్ళమని నేను చెప్పలేదు.

నేను ఏం చేశానో కూడా చెప్పాలి. ఐదు వేల రూపాయలు ఇచ్చాను. ఇచ్చి, ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళకి ఫోన్లో చెప్పుకున్నాను కూడా.

ఆ ఐదు వేల పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. అప్పుడు అమల్లో ఉన్నది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. అందులో ఒక పట్టిక ఉంది. రెండో కన్ను బాగుండి ఒక కంటి చూపు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు లెక్క. కనుగుడ్డే పోతే 40 శాతం. ఆమె వయసు 35, నెలకి 12,000 సంపాదన అనుకుందాం. జీతంలో 60 శాతాన్ని ఆ వయసుకి చట్టం ఇచ్చిన 197.06 అనే అంకెతో హెచ్చవేసి అందులో 30 శాతం తీస్తే దాదాపు నాలుగు లక్షల పాతిక వేలు వస్తుంది. రెండేళ్ళలోపు కార్మిక శాఖ కమిషనర్ దగ్గర దరఖాస్తు పెట్టుకుంటే ఆమె అడగగలిగిన మొత్తం అది. ఎవరిని అడగాలి? మేస్త్రీని. నన్ను కాదు. తన వ్యాపారం కోసం కాంట్రాక్టరుకి పని అప్పగించినవాళ్ళే బాధ్యులని ఆ చట్టం 12వ సెక్షన్. ఇల్లు కట్టుకోవడం నా వ్యాపారం కాదు కదా! రేకుల ఇంట్లో ఉండే మేస్త్రీ మీద కేసు వేసి నాలుగు లక్షలు వసూలు చేసుకోమని ఏ నోటితో చెప్తాం? ఇంటికి పర్మిషన్ తీసుకునేటప్పుడు నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసమని ఖర్చులో ఒక శాతం సెస్ కట్టాను. కట్టిన రసీదు నా బీరువాలో ఉంది. సంక్షేమ బోర్డు కార్డు ఆమె దగ్గర లేదు. ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు సర్టిఫికెట్ కావాలి. అడ్డా మీద రోజుకొక మేస్త్రీతో వెళ్ళే మనిషికి అది ఎవరిస్తారు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ సంగతి ఎవరికి చెప్పినా మొదట వచ్చిన మాట ఒక్కటే. మేస్త్రీ అన్నాడు, “జర సూస్కోవాలె గద!” మా బంధువు అన్నాడు, “వాళ్ళు అజాగ్రత్తగా ఉంటారు.” యూనివర్సిటీలో పాఠం చెప్పే నా స్నేహితురాలు అన్నది, “అవేర్‌నెస్ లేదు పాపం.” మూడూ ఒకటే మాట. ఆ మాటని మనం ఎక్కడో విన్నాం. అర్ధరాత్రి బయటికెందుకు వెళ్ళింది, ఆ బట్టలెందుకు వేసుకుంది అన్నప్పుడు విన్నాం. అప్పుడు కోపంతో ఊగిపోయి వ్యాసాలు రాశాం. కన్ను పోయిన ఆడమనిషి విషయంలో అదే మాట మన నోటినుంచి వస్తే మనకి వినపడలేదు.

జాగ్రత్త అనే దాన్ని కాస్త లెక్కగట్టి చూద్దాం. చేత్తో పట్టుకునే కటింగ్ మిషన్‌లో నాలుగంగుళాల బ్లేడు నిమిషానికి 11,000 సార్లకు పైగా తిరుగుతుంది. దాని అంచు వేగం గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది. అంచుని వదిలిన ముక్క ఇంచుమించు అదే వేగంతో బయల్దేరుతుంది. అడుగు దూరం దాటడానికి దానికి సెకనులో రెండు వందో వంతు చాలు. మన రెప్ప ఉలిక్కిపడి మూసుకోవడానికి దానికి పది రెట్లకు పైగా పడుతుంది. కోట్ల ఏళ్ళుగా కన్నుని కాపాడుతున్న రెప్పకి చేతకాని పనిని ఆమె ‘జాగ్రత్త’ చెయ్యాలట!

అమెరికాలో క్రిస్టల్ ఈస్ట్‌మన్ అనే స్త్రీవాది ఉండేది. ఓటు హక్కు కోసం పోరాడిన మనిషి, లాయరు. పిట్స్‌బర్గ్ ఉన్న అల్లెఘెనీ కౌంటీలో 1906 జులై నుంచి ఒక్క ఏడాదిలో పనిలో చనిపోయిన 526 మంది వివరాలు ఒక్కొక్కటిగా సేకరించి 1910లో పుస్తకం వేసింది. ఆమెకి మేనేజర్లు చెప్పిన మాట కూడా ఇదే, నూటికి 95 ప్రమాదాలు దెబ్బ తిన్నవాడి అజాగ్రత్త వల్లేనని. ఆమె ఆ మాట నమ్మకుండా ఒక్కో మరణానికి కారణం వెతికింది. యంత్రానికి తొడుగు లేకపోవడం, పని గంటలు, తొందర, యజమాని నిర్లక్ష్యం బయటపడ్డాయి. అలాంటి పని స్త్రీవాదంలో భాగమని 1910లో ఒకామెకి తెలుసు. మనం ఎక్కడ మర్చిపోయాం?

మనం చూపు గురించి చాలా రాశాం. ‘నీలిమేఘాలు’ సంకలనం 1993లో వచ్చింది. అప్పటినుంచి మగవాడి చూపు, కెమెరా చూపు, చరిత్ర చూపు, మన దృక్కోణం అంటూ ఎన్ని పేజీలు నింపామో. అవన్నీ అవసరమే, నేను కాదనను. కానీ ఆ పేజీల్లో కన్ను అనే అవయవం ఎక్కడుంది? పనిచోట భద్రత అనగానే మనకి 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం, కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ గుర్తొస్తాయి. వాటి కోసం కొట్లాడాం కాబట్టి గుర్తొస్తాయి. ఆడవాళ్ళ శరీరం మీద పనిచోట జరిగే హాని అంతటితో అయిపోయిందా? రాయి కొట్టే వడ్డెర ఆడవాళ్ళని చూడండి. సుత్తి పడే క్షణానికి కళ్ళు మూసుకుని మొహం పక్కకి తిప్పుకోవడం చిన్నప్పుడే నేర్చుకుంటారు. చూడకుండా కొట్టడమే వాళ్ళ కళ్ళజోడు. వేమన కూడా కంట్లో నలుసుని ఇంట్లో పోరు పక్కన కూర్చోబెట్టి మగవాడి చికాకుల్లో లెక్కగట్టాడు. నలుసు పడి బతుకు తెరువు పోయిన ఆడవాళ్ళ లెక్క కవిత్వంలోనూ లేదు, రికార్డుల్లోనూ లేదు.

“ఇది వర్గ సమస్య, యూనియన్లు చూసుకుంటాయి” అని ఒక అభ్యంతరం. వర్గ సమస్యే. అయితే యంత్రం మగవాడి చేతిలో, నీళ్ళ సీసా ఆడమనిషి చేతిలో ఎందుకుందో వర్గం ఒక్కటే చెప్పదు. మిషన్ ఆడమనిషికి నేర్పరు. ఇరవై ఏళ్ళు చేసినా ఆమె హెల్పరే. కళ్ళద్దాలు మిషన్‌తో పాటు వస్తాయి కాబట్టి మిషన్ పట్టినవాడికే అందుతాయి. యూనియన్ అడిగినా ‘ఆపరేటర్‌కి’ అని అడుగుతుంది. శ్రమ విభజన అని మనం తరగతి గదిలో చెప్పేది ఇక్కడ ఒక కంటికీ ఇంకో కంటికీ మధ్య అడుగు దూరంలో కనిపిస్తుంది.

“ఇచ్చినా వాళ్ళు పెట్టుకోరు” అనేది రెండో అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది. ఎందుకు పెట్టుకోరో ఆమెనే అడిగాను.

“సెమటకు ఏం కనవడది మేడం. ముక్కు మీది కెల్లి జారుతది. నెత్తిమీద బట్ట సుట్టుకుంటే చెవులకు ఆగది. ఇగ అందరు నవ్వుతరు, ఏందే, సిన్మా యాక్టర్ లెక్క అని.”

ఎవరి మొహం కొలతతో చేశారు ఆ అద్దాలు? రక్షణ సామగ్రి మగవాళ్ళ కొలతలతో తయారవడం ఇక్కడి సమస్య ఒక్కటే కాదు. కరోలిన్ క్రియాడో పెరెజ్ 2019లో రాసిన ‘ఇన్‌విజిబుల్ విమెన్’ పుస్తకంలో దాని గురించి వివరంగా ఉంది. ఎండాకాలం దేవరయాంజాల్‌లో నెత్తికి బట్ట చుట్టుకుని వంగి కూర్చునే ఆడమనిషిని దృష్టిలో పెట్టుకుని ఎవరూ కళ్ళద్దాలు చేయలేదు. పక్కలకి కూడా మూత ఉండి, పాలీకార్బనేట్‌తో చేసి, వెనక దారంతో బిగించుకునేవి వంద, నూట యాభై రూపాయలకి దొరుకుతాయి. చలువ కళ్ళద్దాలు పనికిరావు. మామూలు గాజు కళ్ళజోడు అయితే పగిలి కంట్లోనే గుచ్చుకోవచ్చు.

అసలు కళ్ళద్దాలు చివరి మాట. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. బ్లేడు మీది తొడుగు పీకేసి పనిచేయడం మా వీధిలో రోజూ చూస్తాను. పెద్ద బ్లేడు పడుతుందని పీకేస్తారు. తొడుగు లేని మిషన్ ఆడకూడదు. నీళ్ళు పోయడానికి మనిషి అక్కర్లేదు, మిషన్‌కి సన్న పైపు బిగిస్తే చాలు. బండ పట్టుకోవడానికి చెయ్యి అక్కర్లేదు, శికంజా ఉంది. మధ్యలో ఒక రేకో పట్టానో అడ్డం పెట్టొచ్చు. ఇవన్నీ చేశాక కళ్ళద్దాలు. ఇవేవీ చేయకుండా ఒక ఆడమనిషిని అక్కడ కూర్చోబెట్టడమే చవక కాబట్టి కూర్చోబెడతాం. ఆమె కూలి పైపు కన్నా చవకగా ఉండటమే ఈ ప్రమాదానికి మూలం.

చట్టానికి ఈ సంగతి తెలుసు. 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ కళ్ళ గురించే. ముక్కలు, రజను ఎగిరిపడే పనుల్లో సరైన తెరలో కళ్ళద్దాలో ఇవ్వాలని ప్రభుత్వం నిబంధన పెట్టవచ్చు. ఎవరికి? ఆ పని చేసేవాళ్ళకి, ఆ పనికి అతి దగ్గరలో ఉండేవాళ్ళకి కూడా. ఆ ‘అతి దగ్గరలో ఉండేవాళ్ళు’ అన్న మాట చదివినప్పుడు నాకు సీసా పట్టుకున్న ఆ చెయ్యి కనిపించింది. 1948లోనే ఎవరో పక్కన నిలబడ్డ మనిషిని చూశారు. కానీ కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటేనే అది ఫ్యాక్టరీ. నిర్మాణ కార్మికుల 1996 చట్టం కూడా పదిమంది లెక్కే పెట్టింది. పైగా సొంత ఇల్లు పది లక్షల లోపుదైతే వదిలేసింది. మా ఇంట్లో ఏ రోజూ పదిమంది లేరు. మా దారిలో గేట్లు చేసే షాపుల్లో ఐదుగురు, ఆరుగురు.

ఆ గీత ఇప్పుడు ఇంకా పైకి జరిగింది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి కరెంటు ఉన్నచోట ఇరవైమంది, లేనిచోట నలభైమంది కావాలి. సామాజిక భద్రత కోడ్‌లో సొంత ఇంటి మినహాయింపు యాభై లక్షలకి పెరిగింది. అంటే నాలాంటి మధ్యతరగతి ఆడవాళ్ళకి చట్టం ఇంకాస్త వెసులుబాటు ఇచ్చింది. పాత చట్టం సెక్షన్లలో ఉన్న ఎన్నో భద్రతా వివరాలు ఇకమీదట నిబంధనల్లో, ప్రమాణాల్లో రావాలి. రాసే చోట మనం ఉండాలి. ‘దగ్గరలో ఉండేవాళ్ళు’ అన్న మాట అందులో ఉందో లేదో చదవాలి, లేకపోతే అడగాలి. శామీర్‌పేటలోనే న్యాయవిద్య చెప్పే విశ్వవిద్యాలయం నల్సార్ ఉంది. లా చదివే అమ్మాయిలు మన సభలకి వస్తారు. వాళ్ళతో కలిసి ఈ పని మొదలుపెట్టొచ్చు.

చట్టం వచ్చేదాకా మన ఇళ్ళ సంగతి మన చేతుల్లోనే ఉంది. మనలో చాలామందిమి ఇల్లు కట్టినవాళ్ళమో, బాత్రూంలో టైల్స్ మార్పించినవాళ్ళమో, హాస్టల్ భవనం పనుల కమిటీలో సంతకం పెట్టినవాళ్ళమో. మేస్త్రీతో రేటు మాట్లాడేటప్పుడే చెప్పాలి. తొడుగు లేని మిషన్ వద్దు. నీళ్ళకి పైపు. పక్కనున్నవాళ్ళందరికీ కళ్ళద్దాలు, వాటి ఖర్చు నాది. కంట్లో ఏదైనా పడితే నలపొద్దు, కొంగుతో గానీ నాలుకతో గానీ తీయొద్దు, చనుబాలు, ఆముదం పోయొద్దు. శుభ్రమైన నీళ్ళతో ధారగా కడగాలి. గుచ్చుకున్నట్టుంటే కడగకూడదు, నొక్కకూడదు, ఏ కప్పో అడ్డం పెట్టి వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఇనుప ముక్క అయితే కొద్ది గంటల్లోనే కార్నియా మీద తుప్పు పట్టడం మొదలవుతుంది. షాపులో చుక్కల మందు కొనుక్కోనివ్వొద్దు. ఆ రోజు కూలి ఇవ్వాలి, డాక్టరు ఖర్చు ఇవ్వాలి. కూలి పోతుందనే కదా ఆమె మొదటి రోజు వెళ్ళనిది.

ఆమె ఇప్పుడు ఇక్కడే ఒక గోదాములో ఊడుస్తోంది. కూలి ఇంకా తగ్గింది. మెట్లు దిగేటప్పుడు లోతు తెలియక గోడ పట్టుకుంటుంది. నేను ఆ లెక్క కాగితం మీద వేసి ఆమెకి చూపించాను. నాలుగు లక్షల పాతిక వేలు. చాలాసేపు మాట్లాడలేదు.

“అప్పుడు చెప్పకపోతివి మేడం” అన్నది.

చెప్పలేదు. రెండేళ్ళ గడువు అప్పటికే దాటిపోయింది. ఆ డబ్బులో నా వంతెంతో నేనే తేల్చుకుని విడతలుగా ఇస్తున్నాను. ఇది గొప్పకి రాయడం లేదు, ఒక మనిషి మనస్సాక్షి మీద నడిచే పరిహారం ఎంత అన్యాయమైనదో నాకు తెలుసు. ఇవ్వడం ఆపేస్తే ఆమె నన్ను ఏమీ చేయలేదు.

మొన్న గేటు మార్పించాల్సి వచ్చింది. నాలుగు కళ్ళద్దాలు కొనుక్కొచ్చి పెట్టాను. వెల్డింగ్ అబ్బాయి లెక్క చూసుకుని, “మేం ఇద్దరమే గదా మేడం పనిచేసేది, నాలుగెందుకు?” అన్నాడు. వాళ్ళ వెనకాల ఇసుక తట్ట దించుతున్న ఇద్దరు ఆడవాళ్ళని చూపించాను.